రాత్రి ఎనిమిదింటికి ఇంటర్నెట్టు ఎందుకు నీరసిస్తుంది?

పచ్చళ్ళ గురించీ, పసిపిల్లల జబ్బుల గురించీ, పొదుపు గురించీ మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఈ వారం ఇంటికి వచ్చే ఇంటర్నెట్టు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. అది మగవాళ్ళ విషయం, లేకపోతే పిల్లల విషయం అని తీసిపారెయ్యకండి. పాలకీ, గ్యాసుకీ, కరెంటుకీ లెక్క రాసుకునే మన పద్దు పుస్తకంలో ఇప్పుడు దానికీ ఒక గడి వుంది. డబ్బు మనం కడుతున్నప్పుడు సరుకు సంగతి కూడా మనకు తెలియాలి కదూ!

పగలు పదకొండింటికి ఇంట్లో ఎవరూ లేనప్పుడు వీడియో చక్కగా వస్తుంది. రాత్రి ఎనిమిదీ ఎనిమిదిన్నర అయ్యేసరికి బొమ్మ మసకబారుతుంది. ఆ తరువాత తెర మధ్యన సున్నా చుట్టడం మొదలుపెడుతుంది. పిల్లవాడు ఆన్‌లైను పాఠం వింటుంటే మాస్టారి మాట ముక్కలు ముక్కలవుతుంది. దూరదేశంలో వున్న మనిషితో మాట్లాడదామని ఫోను ఎత్తితే ముఖం బిగుసుకుపోయి కనిపిస్తుంది. ఇది ప్రతి ఇంటి గోడే. మా ఉద్దానం వైపు వలస వెళ్ళిన మనుషులు లేని ఇల్లు తక్కువ. రోజుకి ఆ పావుగంట మాటే ఆ ఇంటికి దీపం. ఆ పావుగంటలోనే సున్నా తిరిగితే ఎంత బాధో మీకు వేరే చెప్పాలా!

అప్పుడు మనం ఏం చేస్తాం? కంపెనీకి ఫోను చేస్తాం. అటువైపు అమ్మాయి తియ్యగా, "మేడమ్, మీది చిన్న ప్లాను. పెద్ద ప్లానుకి మారండి" అంటుంది. మా వీధిలో ఒకావిడ అలాగే 40 నుంచి 100కి మారింది. నెల తిరిగాక నా దగ్గరకొచ్చి, "ఏటి వదినా, డబ్బులు ఎక్కువ కట్టినాను గానీ ఆ సున్నా అలాగే తిరుగుతంది!" అంది. నెలకు 300 రూపాయలు ఎక్కువైతే ఏడాదికి 3,600. దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే 4,248. ఒక పట్టుచీర కాకపోయినా మంచి నేతచీర డబ్బు. అది ఎందుకు వృథా అయిందో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందుగా ఆ వేగం లెక్క ఏమిటో చూద్దాం. ప్లాను పేరులో 40 ఎంబీపీఎస్, 100 ఎంబీపీఎస్ అని వుంటుంది. ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఎన్ని మెగాబిట్లు వస్తాయన్న కొలత. మనం ఫోనులో చూసే ఫోటోలూ, సినిమాలూ మాత్రం మెగాబైట్లలో వుంటాయి. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 5 మెగాబైట్లన్నమాట. 700 మెగాబైట్ల సినిమా దింపుకోవడానికి, అన్నీ సవ్యంగా వుంటే, 140 సెకన్లు పడుతుంది. కొలత తెలియక "40 అన్నాడు, 5 ఇస్తున్నాడు, మోసం" అనుకునేవాళ్ళు చాలామంది. అది మోసం కాదు. సోలతో కొలిచినదాన్ని శేరుతో పోల్చుకోవడం వల్ల వచ్చిన చిక్కు.

మరి ఇంటికి ఎంత కావాలి? స్పష్టమైన హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ చాలు. పెద్ద టీవీలో 4కే బొమ్మ కావాలంటే 15 దాకా కావాలి. పిల్లల వీడియో పాఠానికి 2, 3 సరిపోతుంది. ఇద్దరు పిల్లలు, ఒక టీవీ, ఒక వీడియో కాలు, నాలుగు ఫోన్లు వున్న ఇంటికి 30, 40 ఎంబీపీఎస్ నిజంగా అందితే ధారాళం. ఆ "నిజంగా అందితే" అన్న దగ్గరే వుంది తిరకాసంతా. కంపెనీ కాగితం తీసి చూడండి. "100 ఎంబీపీఎస్ వరకు" అని వుంటుంది. ఆ "వరకు" అనే చిన్నమాట ఎంత పెద్దదో బట్టల కొట్లో "50 శాతం వరకు తగ్గింపు" బోర్డు చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయం. దీన్ని మా ప్రాంతం పోలికతోనే చెబుతాను.

హిరమండలం దగ్గర వంశధార మీద గొట్టా బ్యారేజీ వుంది. అక్కడినుంచి ఎడమ కాలువ నూరు కిలోమీటర్లకు పైగా టెక్కలి, పలాసల వైపు వస్తుంది. కాలువ మొదట్లో వున్న పొలాలకి నీళ్ళు సులువుగా ఎక్కుతాయి. కొసన వున్నవి శివారు భూములు. వరినాట్ల రోజుల్లో అందరూ ఒక్కసారి తూములెత్తితే శివారు రైతుకి కాలువలో తడి మాత్రమే కనిపిస్తుంది. అప్పుడా రైతు తన పొలం తూమును పగలగొట్టి రెండింతలు వెడల్పు చేశాడనుకోండి. నీళ్ళు వస్తాయా? కాలువలోనే నీళ్ళు లేనప్పుడు తూము ఎంత వెడల్పయితే ఏం లాభం?

మనం కొనే ప్లాను ఆ తూము. ఊరికి వచ్చే పెద్ద తీగ కాలువ. మా వీధి ఆవిడ తూము వెడల్పు చేయించుకుంది, అంతే. రాత్రి ఎనిమిదింటికి కాలువే ఖాళీ అయిపోతోంది.

ఇంటికి వచ్చే గాజుతీగ సంగతి కొంచెం చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మన స్తంభం మీద వుండే చిన్న పెట్టెలో స్ప్లిటరు అని ఒకటి వుంటుంది. ఊళ్ళోని కేంద్రం నుంచి వచ్చిన ఒకే గాజుతీగలోని వెలుగును అది 32 ఇళ్ళకో, 64 ఇళ్ళకో పంచుతుంది. మన ఊళ్ళలో ఎక్కువగా వాడే జీపాన్ అనే పద్ధతిలో ఆ ఒక్క తీగ సెకనుకి 2,488 మెగాబిట్లు తేగలదు. 64 ఇళ్ళూ ఒకే క్షణంలో లాగితే ఇంటికి దాదాపు 39, 32 ఇళ్ళయితే దాదాపు 78. అయినా ఆ 64 ఇళ్ళకీ 100 చొప్పున ప్లాన్లు అమ్ముతారు. ఇది దొంగతనమా అంటే, పూర్తిగా కాదు. పెళ్ళికి 500 శుభలేఖలు పంచి, 500 కుర్చీలు వెయ్యం కదా. పంక్తికి నూరు విస్తళ్ళు వేసి వంతులవారీగా నడిపిస్తాం. ఎవరు ఎప్పుడు తింటారో అంచనా వుంటుంది. టెలిఫోను ఎక్స్ఛేంజీలు కూడా మొదటినుంచీ ఈ లెక్క మీదే నడిచాయి. 2009లో ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇళ్ళ కనెక్షన్లకు ఒకటికి యాభై మంది వరకు పంచుకోవచ్చని చెప్పారు. పంచుకోవడం తప్పు కాదు. అంచనా తప్పడమే తప్పు.

నిజానికి చాలాచోట్ల ఆ స్ప్లిటరు దగ్గర ఇబ్బంది రాదు. 64 ఇళ్ళలో సగం ఇళ్ళు హెచ్‌డీ సినిమా చూసినా 160 ఎంబీపీఎస్సే కదా, తీగకి అది లెక్కలోది కాదు. ఇరుకు దానికి పైన వుంటుంది. ఉదాహరణకి ఒక ఆపరేటరుకి 500 కనెక్షన్లు వున్నాయనుకోండి. ఆయన పైనుంచి 1,000 ఎంబీపీఎస్ మాత్రమే కొన్నాడనుకోండి. పగలు 50 ఇళ్ళు వాడతాయి, రాజభోగం. రాత్రి 300 ఇళ్ళు తలా 5 లాగితే 1,500 కావాలి. వున్నది 1,000. అక్కడ కాలువ తెగినట్టే. మీ ఇంట్లో ప్లాను 40 అయినా, 100 అయినా, 300 అయినా ఆ రాత్రి అందరికీ వచ్చేది తరుగు వాటాయే.

ఈ సంగతి కంపెనీలకి తెలియనిది కాదు. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో ఇళ్ళకి బ్రాడ్‌బ్యాండు మొదలుపెట్టింది. అప్పటి వేగం 256 కేబీపీఎస్, నేటి కొలతలో ఒక మూల కూడా కాదు. ఆ రోజుల్లో ఒక ప్లానులో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 వరకు ఎంత వాడినా లెక్క లేదు. పెద్ద మనసుతో ఇచ్చిందనుకోకండి. ఆ వేళ కాలువ నిండుగా వుండి తాగేవాడు వుండడు. మా బంధువుల కుర్రాళ్ళు అలారం పెట్టుకుని రెండింటికి లేచి సినిమాలు దింపుకునేవారు. వాళ్ళమ్మ తిట్లు ఇప్పటికీ నాకు గుర్తే.

కాలువలో రద్దీ పెరిగితే లోపల ఏం జరుగుతుందో కూడా రెండు మాటలు. మన సినిమా, మన మాట, మన ఫోటో - ఏదైనా సరే చిన్నచిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. ఒక్కో పొట్లం పెద్దదైతే 1,500 బైట్లు. ఒక్క సెకను హెచ్‌డీ బొమ్మకి 400కి పైగా పొట్లాలు వస్తాయి. కూడలిలో అవి వరుసలో నిలబడతాయి. వరుస మరీ పొడుగైతే వెనక వచ్చినవాటిని అక్కడే పారేస్తారు. పంపినవాడు, "అయ్యో, పొట్లం చేరలేదు, దారి ఇరుకుగా వున్నట్టుంది" అని తెలుసుకుని మెల్లిగా పంపడం మొదలెడతాడు. ఈ మర్యాద మొదట్లో సరిగా లేదు. 1986 అక్టోబరులో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయానికీ, దానికి నాలుగు వందల గజాల దూరంలో వున్న ప్రయోగశాలకీ మధ్య తీగ ఇలాగే స్తంభించిపోయింది. సెకనుకి 32,000 బిట్లు వెళ్ళే దారిలో 40 బిట్లు వెళ్ళాయట! పోయిన పొట్లాలను అందరూ మళ్ళీ మళ్ళీ పంపడంతో దారి ఇంకా మూసుకుపోయింది. వాన్ జాకబ్‌సన్ అనే ఆయన దాన్ని పరిశీలించి, ఇరుకు కనబడితే వెనక్కి తగ్గే పద్ధతిని 1988లో ప్రకటించాడు. ఈనాటికీ మన ఫోన్లు ఆ మర్యాదనే ఏదో రూపంలో పాటిస్తున్నాయి. రైలు పెట్టె తలుపు దగ్గర మనుషులు కూడా అది నేర్చుకుంటే ఎంత బాగుండును!

దీనివల్ల మనకు పనికొచ్చే విషయం ఒకటి వుంది. సినిమా రద్దీని కొంత తట్టుకుంటుంది. ముందుగానే కొంత భాగం తెచ్చి నిల్వ వుంచుకుంటుంది, అవసరమైతే బొమ్మ నాణ్యత తనే తగ్గించుకుంటుంది. వీడియో కాలుకి ఆ వీలు లేదు. ఎదుటి మనిషి ఇంకా అనని మాటను ముందుగా నిల్వ చేసుకోవడం ఎలా? అందుకే రద్దీలో మొదట తెగేది కాలే, పాఠమే, ఉద్యోగం కోసం పిల్ల ఇచ్చే ఇంటర్వ్యూనే. క్రికెట్టు ఆట కూడా అంతే. 2023 నవంబరు 19న ప్రపంచ కప్పు ఫైనలును ఒకే సమయంలో 5.9 కోట్ల మంది ఒక్క హాట్‌స్టార్‌లోనే చూశారు. అలాంటి రోజు సాయంత్రం మీ అమ్మాయి ఇంటర్వ్యూ వుంటే ఉదయానికి మార్పించుకోవడం మేలు. 2020 మార్చిలో లాక్‌డౌను పెట్టి దేశమంతా ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు వీడియో సంస్థలే దిగివచ్చి, ఏప్రిల్ 14 వరకు మొబైలు ఫోన్లలో హెచ్‌డీ ఆపి మామూలు బొమ్మే ఇచ్చాయి. దారి చాలనప్పుడు బండిలో బరువు తగ్గించడం తప్ప మార్గం లేదు.

సెల్‌ఫోను టవరుకీ ఇదే బాధ. మా కోటబొమ్మాళిలో - 2023లో ఆ పేరుతో సినిమా వచ్చాక అందరికీ తెలిసిన ఊరే అయింది లెండి - కొత్తమ్మ తల్లి జాతర జరుగుతుంది. చుట్టుపట్ల ఊళ్ళన్నీ ఇక్కడే వుంటాయి. అప్పుడు ఫోనులో సిగ్నలు గీతలు నిండుగా కనిపిస్తాయి. కాలు మాత్రం కలవదు, ఫోటో వెళ్ళదు. ఎందుకంటే ఆ గీతలు టవరు మాట మనకు ఎంత గట్టిగా వినబడుతోందో చెబుతాయి గానీ, టవరు దగ్గర మనకు చోటు వుందో లేదో చెప్పవు. తప్పిపోయిన పిల్లవాడి కోసం ఫోనునే నమ్ముకోకుండా, "విడిపోతే ఫలానా చోట నిలబడు" అని ముందే చెప్పి పెట్టుకునే తల్లులే తెలివైనవాళ్ళు.

ఇంతవరకూ చెప్పింది అందరికీ ఉమ్మడి ఇరుకు. మన ఒక్క ఇంటికే పడే కళ్ళెం ఇంకొకటి వుంది. దాన్ని వాడకం హద్దు అనుకోండి. "అన్‌లిమిటెడ్" అని పెద్ద అక్షరాలతో వేసి, కింద చీమతల అక్షరాలతో "నెలకు ఇన్ని జీబీల తరువాత వేగం తగ్గును" అని రాస్తారు. ఇంటి కనెక్షన్లలో కొన్ని పెద్ద కంపెనీలకి ఈ హద్దు నెలకు 3,300 జీబీ దాపుల్లో వుంది. చిన్న ప్లాన్లలో 1,000 జీబీ, అంతకన్నా తక్కువా వుంటుంది. దాటితే వేగం 2కో, 4కో పడిపోతుంది. హెచ్‌డీ సినిమా గంటకి 3 జీబీ వరకు తింటుంది. రోజుకి నాలుగు గంటలు చూస్తే 12, నెలకి 360. కాబట్టి మామూలు సంసారానికి 1,000 దాటదు. కానీ ఎవరూ చూడకపోయినా టీవీ వాగుతూ వుండే ఇళ్ళూ, 4కే బొమ్మ తప్ప ఒప్పుకోని ఇళ్ళూ దాటిపోతాయి. ఈ కళ్ళేన్ని గుర్తుపట్టడం తేలిక. నెలాఖరు వారంలో ఒకరోజు హఠాత్తుగా మొదలవుతుంది. పగలూ రాత్రీ తేడా లేకుండా ఒకే తక్కువ వేగం వుంటుంది. కొత్త బిల్లు తేదీ రాగానే మంత్రం వేసినట్టు పోతుంది. కేంద్రం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండు అని పిలవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ వుండాలని నిర్ణయించింది. అంతకుముందు 512 కేబీపీఎస్ వున్నా ఆ పేరు పెట్టుకునేవారు.

మూడో ఇరుకు మన ఇంట్లోనే వుంటుంది. కేబులు కుర్రాడు వచ్చి తీగ ఎక్కడ అందితే అక్కడ రూటరు బిగించి వెళతాడు. అది వీధి గది మూలో, బీరువా వెనకో, టీవీ కిందో పడుతుంది. వైఫై గాలిలో వచ్చేదే అయినా గోడ దాటేటప్పుడు నీరసిస్తుంది. సిమెంటు గోడలు రెండు దాటి పడకగదికి చేరేసరికి సగం ప్రాణం పోతుంది. రూటరు ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, విశాలంగా వుండాలి. చాలా రూటర్లు రెండు పేర్లతో వైఫై ఇస్తాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, దూరం పోతుంది గానీ నెమ్మది. రెండోది 5 గిగాహెర్ట్జ్, చురుకైనది గానీ గోడలంటే గిట్టదు. పేరు చివర 5జీ అని కనిపిస్తే అది సెల్‌ఫోను 5జీ కాదు, ఇదే. విశాఖలోనో విజయవాడలోనో అపార్టుమెంట్లలో వుండేవారికి ఇంకో తంటా. పైవాళ్ళు, కిందవాళ్ళు, పక్కవాళ్ళు అందరి రూటర్లూ ఆ 2.4 మీదే ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ వుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెను పెట్టినా ఆ 2.4కి అడ్డే. అందుచేత టీవీ రూటరుకి దగ్గరైతే దానికి తీగే పెట్టండి, గాలిలో కొంత ఖాళీ అవుతుంది. ఇంకొక సంగతి. ఫోన్లు మనకు చెప్పకుండా ఫోటోలనూ వీడియోలనూ పైకి పంపి దాచుకుంటూ వుంటాయి. పెళ్ళికి వెళ్ళి వచ్చిన రాత్రి నాలుగు ఫోన్లూ ఒక్కసారి ఆ పని మొదలెడితే పైకి వెళ్ళే దారి మూసుకుపోయి కిందికి వచ్చేదీ కుంటుతుంది. ఆ పనిని మనం పడుకున్నాక చేసుకునేలా పిల్లల చేత మార్పించండి.

కొన్నిసార్లు మన తప్పూ కాదు, కాలువ తప్పూ కాదు, ఆవలి గట్టున కొట్టువాడి తప్పు. ఇంజనీరింగు కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టే చివరి రోజు రాత్రి రాష్ట్రమంతా ఆ ఒక్క గుమ్మం ముందే నిలబడుతుంది. ఆ పేజీకి పెద్ద వేగం అక్కర్లేదు, సెల్‌ఫోను మీదైనా తెరుచుకుంటుంది. కానీ అవతల జవాబు చెప్పే యంత్రానికి ఊపిరి సలపదు. మిగతావన్నీ బాగా వస్తూ అదొక్కటే రాకపోతే రూటరుని పదిసార్లు ఆపి వెయ్యడం దండగ. తెల్లవారి అయిదింటికి లేపి పెట్టించండి. చివరి రోజు దాకా ఆగనివ్వకండి.

మరి మన జబ్బు ఏదో తేల్చుకునేది ఎలా? జ్వరం చూసినట్టే, పూటపూటా కొలిచి రాయాలి. ఫోనులో స్పీడ్‌టెస్ట్, ఫాస్ట్.కామ్ లాంటివి వున్నాయి. ఒక వారం పాటు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి రూటరు పక్కన నిలబడి, మిగతా ఫోన్లూ టీవీ ఆపించి కొలవండి. ఇంట్లో లాప్‌టాపు వుంటే తీగ తగిలించి కొలిస్తే మరీ మంచిది. ఆ తరువాత పడకగదిలో ఒకసారి. క్యాలెండరులో పాల లెక్క పక్కనే రాసెయ్యండి. ఒక జాగ్రత్త మాత్రం వుంది. కొలిచే యంత్రం కొన్నిసార్లు మన కంపెనీ ముంగిట్లోనే వుంటుంది. అప్పుడు ముంగిలి దాకా దారి బాగుందని తెలుస్తుంది గానీ, ముంగిలి దాటాక ఎలా వుందో తెలియదు. అందుకే రెండు చోట్ల కొలవాలి, వీలైతే వేరే ఊరి యంత్రాన్ని ఎంచుకోవాలి.

వారం పోయాక కాగితం చూడండి. ఉదయం 95, రాత్రి 12 అని వుంటే అది కాలువ ఇరుకు. పెద్ద ప్లాను కొనకండి, ఫిర్యాదు రాయండి. రూటరు దగ్గర 95, పడకగదిలో 12 అంటే గోడల పని. మూడు పూటలా 38, 39 వస్తూ, ప్లాను 40 అయి, అయినా మీ ఇంటి జనాభాకి చాలకపోతే అప్పుడు నిరభ్యంతరంగా పెద్ద ప్లానుకి మారండి. అక్కడ డబ్బుకి ఫలితం వుంటుంది.

తీగ సంగతి కూడా కొంచెం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ వరకు ఇంటర్నెట్టు, దాంతోపాటు టీవీ, ఫోను అని ప్రకటించారు. భూమి తవ్వే ఖర్చు లేకుండా కరెంటు స్తంభాల మీదుగానే గాజుతీగ లాగారు. చవకగా, త్వరగా పల్లెలకు చేరాలంటే తెలివైన ఉపాయమే. మరుసటి ఏడు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస, ఉద్దానం మీద పడింది. కొబ్బరీ జీడిమామిడీ నేలకొరిగాయి, వాటితోపాటు కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి. స్తంభం పడితే దాని మీది తీగ నిలుస్తుందా! ఇటువంటి తీరంలో వుండేవాళ్ళం తుపాను హెచ్చరిక వినగానే మంచినీళ్ళు పట్టుకున్నట్టే, ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకోవాలి. బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో వుంచుకోవాలి. రేడియో మనిషిని కనుక ఆ మాట చెబుతున్నాననుకోకండి. వినేవాళ్ళు పెరిగితే రద్దీ అయి ఆగిపోనిది అదొక్కటే.

దూరంలో తెగినా మనదాకా తగులుతుంది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర సముద్రపు తీగలు తెగితే మన దేశంలోనూ కొన్ని కంపెనీల ఇంటర్నెట్టు మందగించింది. అలాంటప్పుడు కేబులు కుర్రాడి మీద అరిచి లాభం లేదు పాపం.

ఇక ఫిర్యాదు. ట్రాయ్ 2006లో పెట్టిన నిబంధనల్లో రద్దీ వేళ కూడా పెద్ద తీగల వాడకం 80 శాతం లోపు వుండాలనీ, చందాదారుకి అమ్మిన వేగంలో 80 శాతానికి పైగా అందాలనీ వుండేది. వాటి స్థానంలో 2024లో కొత్త నాణ్యతా నిబంధనలు వచ్చాయి. మీరు ఫోను చేసినప్పుడు "నెట్టు స్లోగా వుంది" అనకండి. ఆ మాట వినీ వినీ వాళ్ళ చెవులు కాయలు కాశాయి. "ఈ వారం ఉదయం ఆరింటికి ఇంత, రాత్రి తొమ్మిదింటికి ఇంత, తీగతో కొలిచాను, రద్దీ మీ వైపు వుంది" అనండి. స్వరం మారుతుంది, చూడండి. వాళ్ళిచ్చే డాకెట్ నంబరు తప్పకుండా రాసుకోండి. తీరకపోతే ప్రతి కంపెనీలోనూ అప్పీలు అధికారి వుంటారు. ఆ అప్పీలుకి రుసుము లేదు, డాకెట్ నంబరు మాత్రం కావాలి. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915. టెలిఫోను, ఇంటర్నెట్టు తగాదాలు వినియోగదారుల ఫోరంలో చెల్లవని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. చెల్లుతాయని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

మరొక ఉపాయం, ఒంటరిగా వెళ్ళకండి. కాలువ శివారు రైతులు ఒక్కొక్కరు కాకుండా పదిమంది కలిసి వెళితేనే లస్కరు తలుపు దగ్గరకు కదులుతాడు. మీ మెట్లమీది నలుగురు ఇల్లాళ్ళూ ఒకే వారం, ఒకే వేళ కొలిచి, నాలుగు కాగితాలు జత చేసి ఒక్క అర్జీ ఇవ్వండి. నాలుగు ఇళ్ళలోనూ తొమ్మిదింటికే పడిపోతే "మీ రూటరు పాతదమ్మా" అనే మాట చెల్లదు. కొత్త ఆపరేటరు మీ వీధికి వచ్చినప్పుడు కూడా ఎన్ని ఎంబీపీఎస్ అని అడగకండి. "మా వీధిలో మీకు ఎన్ని కనెక్షన్లు? పైనుంచి ఎంత తెస్తున్నారు? రాత్రి తొమ్మిదింటికి వాడుతున్నవాళ్ళ ఇల్లు ఒకటి చూపించండి" అనడగండి. ఆ ఇంటికి వెళ్ళి, ఆ ఇల్లాలి అనుమతితో, మీ ఫోనుతోనే కొలిచి చూసుకుని ఆ తరువాతే డబ్బు కట్టండి. మొదట నెలరోజులకే కట్టండి. ఏడాదికి కలిపి కడితే తగ్గిస్తామంటే ఆ నెల గడిచాక ఆలోచించవచ్చు.